జట్టు చెదిరింది... పాట మిగిలింది

అరసవల్లి పేరు వినగానే ఎవరికైనా సూర్యదేవుడే గుర్తొస్తాడు. ఆ గుడి చుట్టూ ఉన్న నేలకు పాట వల్ల వచ్చిన పేరు కూడా ఉంది. ఇక్కడి తప్పెటగుళ్లు, జముకుల మధ్య పుట్టిన ఒక గొంతు రాష్ట్రమంతా మోగిన ఒక జట్టులో కలిసింది. ఆ జట్టు ఎలా కుదిరిందో, ఎలా చెదిరిందో తెలుసుకోవాలంటే నాగావళి వెంట కాస్త ఎగువకు నడవాలి.

ఆదివారం వచ్చిందంటే శ్రీకాకుళం పట్నంలో దారులన్నీ అరసవల్లికే. తెల్లారకముందే ఆటోలు కిక్కిరిసిపోతాయి. ఇంద్రపుష్కరిణిలో స్నానాలు, తలనీలాలు, సూర్యనమస్కారాలు... ఒక పక్క కొబ్బరికాయల బేరాలు, మరో పక్క 'బేగి రండి బావూ, లైను పెరిగిపోతంది' అంటూ హెచ్చరికలు. కళ్ల జబ్బులు, చర్మవ్యాధులు తగ్గాలని మొక్కుకునేవాళ్లు ఒడిశా నుంచి కూడా వస్తారు.

గర్భగుడిలో నల్లరాతి సూర్యనారాయణమూర్తి ఉషా, ఛాయా, పద్మలతో కొలువై ఉంటాడు. కింద ఏడు గుర్రాలు, పగ్గాలు పట్టిన అనూరుడు. ఏడో శతాబ్దంలో కళింగాన్ని ఏలిన గంగరాజు దేవేంద్రవర్మ ఈ గుడి కట్టించాడని చెబుతారు. హర్షవల్లి అన్న పేరే జనం నోట అరసవల్లి అయిందనీ అంటారు. ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ లేత కిరణాలు అనివెట్టి మండపం గుండా లోపలికొచ్చి స్వామి పాదాలను తాకుతాయి. ఉత్తరాయణంలో పైకి వెళ్తూ ఒకసారి, దక్షిణాయనంలో కిందికి దిగుతూ ఒకసారి సూర్యుడు ఆకాశంలో దాదాపు ఒకే చోటుకు వస్తాడు. ఆ లెక్క తెలిసిన శిల్పులు గుమ్మాలను ఆ వరుసకు అమర్చారు. మబ్బు పట్టిన ఏడు మాత్రం భక్తులు నిరాశతోనే వెనుదిరగాల్సి వస్తుంది.

రథసప్తమి నాటి సంగతి చెప్పనే అక్కర్లేదు. అర్ధరాత్రి దాటగానే క్షీరాభిషేకం, ఆ తర్వాత నిజరూప దర్శనం. జిల్లేడు ఆకులు తలమీద పెట్టుకుని స్నానం చేసేవాళ్లు, చిక్కుడు ఆకుల్లో పరమాన్నం నివేదించేవాళ్లు... ఊరంతా ఆ రాత్రి కునుకు తీయదు. 2025లో రథసప్తమిని రాష్ట్ర పండుగగా మూడు రోజులు జరిపారు. జానపద కళాబృందాలకూ అందులో చోటు దక్కింది. అసలు ఈ జిల్లాల్లో ఏ జాతర అయినా వాళ్లు లేకుండా పూర్తి కాదు.

గుండెల మీద వాద్యం

తప్పెటగుళ్లు చూడనివాళ్లకు మాటల్లో చెప్పడం కష్టమే. గుండ్రటి రేకు వాద్యాన్ని తాడుతో మెడకు తగిలించుకుని, గుండెల మీద ఆనించి, రెండు చేతులా వాయిస్తారు. కాళ్లకు గజ్జెలు. పదిహేను, ఇరవై మంది వలయంగా నిలబడి పాట అందుకుంటారు. మొదట నెమ్మదిగా సాగిన అడుగు క్రమంగా పరుగవుతుంది, పరుగు గెంతు అవుతుంది. చివరికి ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడి కూడా వాయిస్తుంటే కింద జనం నోళ్లు తెరుచుకుని చూస్తారు. యాదవుల ఇళ్లలో తరతరాలుగా వస్తున్న కళ ఇది. గంగమ్మ తల్లి కొలువు, కృష్ణుడి లీలలు, చెంచులక్ష్మి, సారంగధర... ఏ కథైనా ఈ దరువులోకి ఒదిగిపోతుంది.

ఇందులో పాడేది, ఆడేది, వాయించేది ఒకే మనిషి. వెనక కూర్చుని తాళం వేసే వాద్యగాళ్లు వేరే ఉండరు. గురువు ముందు పాడతాడు, మిగిలినవాళ్లు అందుకుంటారు. ఒక్కడు దరువు తప్పితే వలయమంతా తడబడుతుంది. పక్కవాడి ఊపిరి వింటూ ఆడితేనే ఆట నిలుస్తుంది. జట్టు అన్న మాటకు అసలైన అర్థం ఈ వలయంలో కనిపిస్తుంది.

జముకుది మరో దారి. కుంచంలాంటి గుండ్రటి డొల్లకు ఒక పక్క తోలు బిగించి, దాని నడుమ నుంచి నరం లాగి కడతారు. నరాన్ని బిగిస్తూ వదులుతూ పుల్లతో మీటితే శబ్దం సాగుతుంది, వంగుతుంది, మూలుగుతుంది, ఒక్కోసారి మనిషి గొంతులా ప్రశ్నిస్తుంది కూడా. ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు తల్లికి కోపం వచ్చిన ఘట్టంలో జముకు మోగితే చిన్నపిల్లలు అమ్మ ఒడిలోకి దూరిపోతారు. కథ చెప్పేవాళ్లు ముగ్గురే. రాత్రంతా ఊరిని కూర్చోబెట్టడానికి ఆ ముగ్గురూ చాలు.

1967... రెండు లోకాలు

విచిత్రం ఏమిటంటే, శబ్దాన్ని ఇలా వంచి, సాగదీసి, వినేవాళ్లను మరో లోకంలోకి తీసుకెళ్లాలన్న ఆలోచన 1960ల్లో పాశ్చాత్య దేశాల కుర్రకారునూ ఊపేసింది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు సైకడెలిక్ రాక్. మత్తుమందుల ప్రభావంలో మనసుకు తోచే వింత లోకాలను ఎలక్ట్రిక్ గిటార్లతో, రంగురంగుల దీపాలతో వేదిక మీదికి తేవడం ఆ సంగీతం లక్షణం. 1967 జూన్‌లో అమెరికాలోని మాంటెరీ ఉత్సవంలో మన రవిశంకర్ సితార్‌కు ఆ కుర్రకారు నీరాజనం పట్టారు. అదే ఏడాది లండన్‌లో పింక్ ఫ్లాయిడ్ మొదటి ఆల్బమ్ వచ్చింది. ఆ బృందానికి పాట, పేరు అన్నీ సిడ్ బారెట్టే. ఏడాది తిరక్కముందే అతని మనసు అదుపు తప్పింది. 1968లో బృందం అతన్ని వదిలి ముందుకు సాగింది. అదే ఏడాది వాళ్లు విడుదల చేసిన ఒక పాట పేరు 'సెట్ ద కంట్రోల్స్ ఫర్ ద హార్ట్ ఆఫ్ ద సన్'. నౌకను సూర్యుడి గుండెలోకే తిప్పమని దాని అర్థం. సూర్యుడికి గుడి కట్టుకున్న ఊరివాళ్లకు ఇదేమంత వింతగా అనిపించకపోవచ్చు! 1970 వచ్చేసరికి బీటిల్స్ కూడా విడిపోయారు. కీర్తి, డబ్బు, మత్తు, ఎవరికి వారే పెద్ద అనుకోవడం... కారణాలు చాలానే చెబుతారు.

సరిగ్గా అదే కాలంలో శ్రీకాకుళం కొండల్లో వేరే మంట రాజుకుంది. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలోని లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. మొండెంఖల్లులో జరిగే గిరిజన సభకు జనం వెళ్తుండగా జరిగిన ఘటన అది. ఆ తర్వాత మూడేళ్లు ఈ కొండలు నెత్తురు చూశాయి. ఆ రాజకీయాలను సమర్థించినవాళ్లూ ఉన్నారు, తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. ఇరువైపులా తల్లులు మాత్రం బిడ్డలను పోగొట్టుకున్నారు.

ఆ రోజుల్లో పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి అర్చకుడు ఒకాయన జముకుల కథను కొత్త పనికి పెట్టారు. ఆయన సుబ్బారావు పాణిగ్రాహి. ఎల్లమ్మ కథ చెప్పే వరసలోనే కూలి బతుకు, భూమి తగాదా చెప్పసాగారు. జనానికి బాణీ పాతదే, కథ మాత్రం తమదే. 1969 డిసెంబరులో పాణిగ్రాహి ప్రాణాలు కోల్పోయారు. జముకు మీద కొత్త కథ చెప్పవచ్చన్న సంగతి మాత్రం ఈ నేలకు తెలిసిపోయింది.

పెదబొండపల్లి కుర్రాడు

అరసవల్లి పక్కగా సముద్రం వైపు సాగే నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి, తోటపల్లి మీదుగా ఇక్కడికి వస్తుంది. శ్రీకాకుళం నుంచి పాలకొండ, వీరఘట్టం మీదుగా ఎగువకు ప్రయాణిస్తే పార్వతీపురం చేరతాం. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాకు కేంద్రమైన పట్నం ఇది. ఆ దగ్గర్లోనే పెదబొండపల్లి. 1943లో వంగపండు ప్రసాదరావు పుట్టింది ఈ ఊళ్లోనే.

పొలం పాటలు, జాతర దరువులు, వీధి భాగోతాలు వింటూ పెరిగిన ఆ కుర్రాడు తర్వాత విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగానికి కుదిరాడు. ఊరి బాణీ చెవిలో ఉంది, యంత్రం రొద కళ్లెదురుగా ఉంది. రెండూ కలిస్తే ఏమవుతుందో ఆయన పాటల్లో వినొచ్చు. కార్మికుడి చెమట గురించి రాసినా, రైతు అప్పు గురించి రాసినా భాష మాత్రం పెదబొండపల్లిదే. 'వెళ్దాం వస్తావా' అనడు, 'ఎల్దమొస్తవ' అంటాడు. ఆ రోజుల్లో ఈ యాసను సినిమాల్లో నవ్వించడానికే వాడేవారు. 'ఏటి', 'బేగి', 'సేత్తన్నాం' అనే మాటలు విని పక్క జిల్లాలవాళ్లు ముసిముసిగా నవ్వేవారు. వంగపండు గజ్జె కట్టి అదే యాసలో పాడితే నవ్వినవాళ్లు నోరు మూసుకుని విన్నారు. తమ మాటకు వేదిక మీద ఇంత విలువ ఉంటుందని ఉత్తరాంధ్ర పల్లెలకు అప్పుడే తెలిసింది.

జట్టు కుదిరింది

అక్కడ హైదరాబాదు వైపు మరికొందరు ఇలాంటి ఆలోచనతోనే ఉన్నారు. దర్శకుడు బి.నర్సింగరావు ఆర్ట్ లవర్స్ సంఘం పేరుతో యువకులను కూడగట్టారు. మెదక్ జిల్లా తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్‌రావు బుర్రకథలు చెబుతూ వాళ్లకు పరిచయమయ్యాడు. ఆయనే తర్వాత గద్దర్ అయ్యాడు. 1972లో జననాట్యమండలి ఏర్పడింది. అటు గద్దర్, ఇటు వంగపండు. ఒకరిది తెలంగాణ గొంగడి, ఒకరిది ఉత్తరాంధ్ర గజ్జె.

ఆ బృందానికి గిటార్లు లేవు, రంగుల దీపాలు లేవు. గోచీ కట్టిన ధోవతి, భుజాన గొంగడి, చేతిలో కర్ర, వెనక డప్పు. మైకు దొరకని ఊళ్లో గొంతే మైకు. ముందు ఒకరు పాట ఎత్తుకుంటారు, పక్కన ఇద్దరు వంత పాడతారు. నడుమ మాట, ఎకసెక్కం, ఒక్కోసారి కన్నీళ్లు. బుర్రకథ, ఒగ్గుకథ, జముకుల కథ, వీధి భాగోతం... అన్నిటి నుంచీ తలా కొంచెం తీసుకుని కట్టిన ప్రదర్శన అది. వంగపండు 'భూమి భాగోతం' ఆ కోవలోదే. ఉత్తరాంధ్ర దరువు కరీంనగర్ పల్లెలో మోగింది, తెలంగాణ డప్పు శ్రీకాకుళం వీధుల్లో మోగింది. అంతకుముందు ఈ రెండు ప్రాంతాల జానపదాలు ఒకే వేదిక మీద ఇంత చనువుగా కలిసింది లేదు.

సినిమా కూడా వాళ్ల వైపు చూసింది. నర్సింగరావు నిర్మించగా గౌతమ్ ఘోష్ తీసిన 'మాభూమి'లో గద్దర్ తెరమీద కనిపించి పాడారు. ఆర్.నారాయణమూర్తి సినిమాలు వంగపండు పాటను టూరింగ్ టాకీసుల దాకా చేర్చాయి. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' పాట ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఎవరు రాశారో తెలియకుండానే పెళ్లి ఊరేగింపుల్లో, కాలేజీ వేడుకల్లో పాడుకునేవాళ్లు. పాటకు అంతకు మించిన గౌరవం ఏముంటుంది!

ఎలా చెదిరింది?

లండన్ బృందాలను కీర్తి, డబ్బు విడదీశాయంటారు. ఈ జట్టుకు ఆ రెండూ పెద్దగా లేవు. అయినా చెదిరింది.

గద్దర్ 1984లో కెనరా బ్యాంకు ఉద్యోగం వదిలేశారు. 1985లో అజ్ఞాతంలోకి వెళ్లారు. ఎదురుగా జనం ఉంటేనే వెలిగే పాటగాడు అడవిలో ఉండిపోతే బృందానికి నడుమ స్తంభం తీసేసినట్టే. ఎక్కడ గజ్జె మోగినా నిఘా ఉండేది. ఐదేళ్ల తర్వాత, 1990 ఫిబ్రవరిలో ఆయన బయటికొచ్చి హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో పాడితే జనం ఇసుక వేస్తే రాలనంతగా వచ్చారు. జట్టు మళ్లీ కుదిరిందనే అందరూ అనుకున్నారు. ఆ సంబరం రెండేళ్లే. 1992లో పీపుల్స్‌వార్‌తో పాటు దాని అనుబంధ సంఘాలపైనా ప్రభుత్వం నిషేధం విధించింది. 1997 ఏప్రిల్ 6న గద్దర్‌పై ఆయన ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. బతికి బట్టకట్టారుగానీ ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది.

పైకి కనిపించే కారణాలు ఇవి. లోపల మరొకటి కూడా ఉంది. రాజకీయం కోసం కట్టిన జట్టుకు రాజకీయమే ప్రాణం. అది తడబడితే పాట కూడా దారి వెతుక్కోవాలి. గద్దర్ పాట తెలంగాణ ఉద్యమం వైపు నడిచింది. 2011లో వచ్చిన 'జై బోలో తెలంగాణ' సినిమాకు ఆయన రాసి పాడిన పాటలోనూ పొడిచే పొద్దే ప్రధానం. వంగపండు పాట ఉత్తరాంధ్ర వైపు, తన నాగావళి గట్టు వైపు మళ్లింది. 2014లో రాష్ట్రం రెండయింది. ఒకప్పుడు ఒకే వేదిక మీద కలిసిన గొంగడి, గజ్జె రెండు రాష్ట్రాల్లో ఉండిపోయాయి.

చివరి మజిలీలు కూడా ఎవరివి వారివే. ఒకప్పుడు ప్రభుత్వాలను నిలదీసిన వంగపండు 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కళారత్న పురస్కారం అందుకున్నారు. ఓటు వద్దన్న గద్దర్ 2018 ఎన్నికల్లో తొలిసారి ఓటేశారు. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో వంగపండు కన్నుమూశారు. 2023 ఆగస్టు 6న హైదరాబాదులో గద్దర్ వెళ్లిపోయారు. తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు సినిమా అవార్డులకు గద్దర్ పేరు పెట్టింది.

బాణీ ఎవరిది?

మరి పాట ఏమైంది? 2009లో 'మగధీర' సినిమాలో 'ఏం పిల్లడో' పల్లవి వినిపించినప్పుడు థియేటర్లలో ఈలలు మోగాయి. ఆ ఈలలు వేసిన కుర్రాళ్లలో చాలామందికి జననాట్యమండలి పేరే తెలియదు. శ్రీకాకుళం పెద్దలు మాత్రం చెవులు రిక్కించారు. అది తమ ఊరి అడుగు, తమ ఇంటి మాట.

పింక్ ఫ్లాయిడ్ పాట పింక్ ఫ్లాయిడ్‌దే. ఆ బృందం ఆగిపోతే ఆ కొత్త పాటలూ ఆగిపోతాయి. ఇక్కడ అలా కాదు. వంగపండుకు దరువు ఇచ్చింది ఈ నేల. ఆయన దానికి కొత్త మాటలు తొడిగి తిరిగి ఇచ్చారు. జట్టు చెదిరాక కూడా దరువు తన ఇంటికే వచ్చింది. జాతరలో గుండెల మీద తప్పెట మోగినప్పుడల్లా అది మళ్లీ కొత్తగా మొదలవుతుంది.

అయితే ఆ ఇల్లు పదిలంగా ఉందా అన్నదే ఇప్పటి ప్రశ్న. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పని వెతుక్కుంటూ జనం విశాఖకు, హైదరాబాదుకు, చెన్నైకి వెళ్తూనే ఉన్నారు. తప్పెటగుళ్ల వలయానికి పదిహేను మంది కావాలి. ఇద్దరు వలసపోతే సర్దుకోవచ్చు, ఐదుగురు పోతే ఆట ఎలా కట్టాలి? ఏ నిషేధమూ లేకుండా, ఏ తూటా పేలకుండా, చడీచప్పుడు లేకుండా చెదిరిపోయే జట్లు ఇవి. వాటి గురించి ఏ పత్రికలోనూ వార్త రాదు. సంక్రాంతికి, జాతరకు సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లు రెండు రోజులు సాధన చేసి గజ్జె కడితే ఆ ఏటికి ఆట బతికినట్టే.

అందుకే రథసప్తమికి అరసవల్లి వెళ్లినవాళ్లు దర్శనం కాగానే బస్సు ఎక్కేయకూడదు. వీధి మలుపులో రేకు తప్పెట మోగుతుంటే కాసేపు ఆగాలి. వలయంలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలి. పిల్లలకు చూపించాలి. సూర్యుడు ఏటా తన లెక్క తప్పకుండా వస్తాడు. వలయం మాత్రం మనుషులు వస్తేనే నిలబడుతుంది.

వెళ్లాలంటే...

అరసవల్లి శ్రీకాకుళం పట్నాన్ని ఆనుకునే ఉంటుంది. బస్టాండు నుంచి ఆటోలు దొరుకుతాయి. రైల్లో వచ్చేవాళ్లు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగాలి. అక్కడి నుంచి సుమారు 13 కిలోమీటర్లు. విశాఖపట్నం నుంచి రోడ్డు మార్గంలో సుమారు 110 కిలోమీటర్లు. దగ్గర్లోనే శ్రీకూర్మం, శాలిహుండం బౌద్ధ క్షేత్రం, శ్రీముఖలింగం చూడొచ్చు. కిరణ దర్శనం కోరేవాళ్లు మార్చి, అక్టోబరు తేదీలకు ముందురోజే చేరుకోవడం మేలు. ఆదివారం రద్దీ ఎక్కువ, తీరిగ్గా చూడాలనుకుంటే మిగతా వారాల్లో వెళ్లాలి.